పదహారో పేజీకి మార్కుల్లేవు

ఏటిగడ్డ ప్రభుత్వాస్పత్రికి వచ్చే రోగులు ఏ సన్నాహమూ లేకుండా, వట్టి జబ్బు మాత్రమే పట్టుకుని వస్తున్నారని పైవాళ్లకు తెలిసింది. ఎవరు చెప్పారో తెలియదు గాని, చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాడుతున్న మందు పేరడిగితే "తెల్లగా ఉంటుందండి" అనేవాళ్లూ, నొప్పి ఎప్పట్నుంచి అంటే "మా రెండో అమ్మాయి సీమంతం అప్పట్నుంచి" అనేవాళ్లూ, అసలు సంగతి దాచిపెట్టి గుమ్మం దాకా వెళ్లి "అన్నట్టు డాక్టరుగారూ" అని వెనక్కి తిరిగేవాళ్లూ ఆ ఊళ్లో తక్కువ కాదు. దీన్ని సరిదిద్దాలని ఒక మంచి ఆలోచన పుట్టింది. రోగి సిద్ధపడి రావాలి. రేపటి సంగతి ఇవాళే ఆలోచించుకోవాలి. ఇంతవరకు ఎవరూ కాదనరు. కాని మంచి ఆలోచనకు ఒక గదీ, ఒక బల్లా, ఒక అధికారీ, ఒక రబ్బరుముద్రా ఇస్తే అది ఎంత దూరం నడుస్తుందో ఏటిగడ్డవాళ్లు ఆ ఏడే చూశారు.

నిజానికి ఈ సంస్కరణతో సుభాషిణికి పని లేదు. ఆవిడ పుట్టుకతోనే సన్నద్ధురాలు. పచ్చడి జాడీల మీద తేదీ రాసిన చీటీ, గ్యాస్ బండ మార్చిన రోజున క్యాలెండర్లో సున్నా, కరెంటు పోతే అగ్గిపెట్టె ఏ గూట్లో ఉందో చీకట్లోనూ తెలియడం ఆవిడ పద్ధతి. అత్తగారు మాణిక్యాంబకు తల తిరగడం మొదలైన రోజునే ఒక నోటుపుస్తకం తెరిచింది. ఏ పూట తిరిగింది, కూర్చున్నప్పుడా, లేచినప్పుడా, అంతకుముందు ఏం తిన్నారు అన్నీ రెండు వారాలపాటు రాసింది. లేచి నిలబడినప్పుడే తిరుగుతోందని ఆవిడకు అర్థమైంది. డాక్టరును అడగవలసిన మూడు ప్రశ్నలు పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు గుండ్రంగా రాసుకుంది.

ఒక్కటే లోటు. మందుల సంచి.

పాత జాకెట్టు గుడ్డతో మాణిక్యాంబ స్వయంగా కుట్టుకున్న నాడా సంచి అది. పగలు బొడ్లో, రాత్రి తలగడ కింద ఉంటుంది. బీపీకి ఏటిగడ్డలో ఒక డాక్టరు ఇచ్చిన మాత్రలు అందులో ఉన్నాయి. మాఘమాసంలో మేనకోడలి పెళ్లికి పొరుగూరు వెళ్లినప్పుడు నీరసపడితే అక్కడి డాక్టరు బీపీ చూసి ఇచ్చిన మాత్రలూ ఉన్నాయి. ఏ డాక్టరు మాటా తీసెయ్యకూడదని ఆవిడ అన్నీ వేసుకుంటోంది. అసలు తల తిరగడం ఆ పెళ్లి నుంచి వచ్చాకే మొదలైందని నోటుపుస్తకం చెబుతోంది.

"ఒక్కసారి చూపించండి అత్తయ్యా, పేర్లు రాసుకుంటాను."

"డాక్టరుకే చూపిస్తా. నువ్వేమన్నా డాక్టరువా? బి.ఏ.వి."

"పేర్లు చదవడానికి బి.ఏ. చాలండీ."

"మందులూ జాతకాలూ నలుగురి కళ్లల్లో పడకూడదే అమ్మాయ్. గుణం పోతుంది. అయినా జబ్బు నాదా, నీదా?"

ఈ చివరి ప్రశ్న మాణిక్యాంబ బ్రహ్మాస్త్రం. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా సుభాషిణి నోరు తెరవగానే ఆవిడ అది ప్రయోగించేది. ఇరవై ఆరేళ్ల కాపురంలో అత్తగారి జబ్బు గురించి కోడలు డాక్టరుతో ఒక్క వాక్యం పూర్తిగా చెప్పిన పాపాన పోలేదు. సరే, సంచి డాక్టరు కళ్లల్లో పడితే చాలు, ఎవరు చెబితేనేం అనుకుని సుభాషిణి అత్తగారిని ఆటో ఎక్కించింది.

*

ఓపీ చీటీలిచ్చే కిటికీ మూసి ఉంది. దాని పక్క గదికి "సన్నద్ధతా విభాగం" అని కొత్త బోర్డు వేలాడుతోంది. లోపల దండపాణి కూర్చున్నాడు. నిన్నమొన్నటిదాకా ఆస్పత్రి స్టోర్సులో దూదీ, దుప్పట్లూ చూసుకునేవాడు. అప్పుడు ఎవరేమడిగినా "లేదు" అని ఒక్క మాటతో సరిపెట్టేవాడు. సన్నద్ధతాధికారి అయ్యాక అదే మాటను నాలుగు వాక్యాల్లో చెప్పడం నేర్చాడు.

"డాక్టరుగారిని చూడాలండీ. మా అత్తగారికి తల తిరుగుతోంది," అంది సుభాషిణి.

"అమ్మా, నేరుగా డాక్టరును చూడటమనేది గతకాలపు పద్ధతి. అసన్నద్ధ రోగి వైద్యుల అమూల్య సమయానికి గొడ్డలిపెట్టు అని గుర్తించడమైనది. కావున రోగిని మొదట సన్నద్ధపరచి, సదరు సన్నద్ధతను పరీక్షించి, ధ్రువీకరించి, తదుపరి మాత్రమే వైద్యునికి సమర్పించడం జరుగును."

"నైవేద్యం లాగానా?" అంది మాణిక్యాంబ.

దండపాణి నవ్వలేదు. పదహారు పేజీల ఫారం ముందుకు తోశాడు. రాతపరీక్షకు యాభై మార్కులు. నమూనా సందర్శనకు ముప్ఫై. అయిదేళ్ల అనారోగ్య ప్రణాళికకు ఇరవై. మొత్తం మీద డెబ్బై వస్తే సన్నద్ధతా ధ్రువపత్రం. అది చూపిస్తే డాక్టరు.

సుభాషిణి తను తెచ్చిన నోటుపుస్తకం, క్యాలెండర్ కాగితం బల్లమీద పెట్టింది. "మేం సిద్ధపడే వచ్చామండీ. ఇదిగో, ఎప్పుడెప్పుడు తిరిగిందో అంతా రాశాను. అడగాల్సినవి కూడా రాసుకున్నాను."

దండపాణి ఆ కాగితాన్ని తిరగేశాడు. వెనకవైపు నిరుటి కార్తీకమాసం ఉంది. "ఇది నిర్ణీత నమూనాలో లేదు. పైగా ప్రశ్నలు మూడే ఉన్నవి. ఏడో కాలమ్ చూడండి. డాక్టరును మీరు అడగబోయే పది ప్రశ్నలు, వాటికి డాక్టరు ఇవ్వబోయే పది జవాబులు రాయవలెను."

"జవాబులు తెలిస్తే ఇక్కడికెందుకొస్తామండీ?"

"అదే అసన్నద్ధత," అన్నాడు దండపాణి జాలిగా.

ఫారం ఇంటికి తెచ్చి సుభాషిణి మొదటి నుంచి చివరిదాకా చదివింది. తొమ్మిదో పేజీలో తాతముత్తాతల దగ్గుల వివరాలు అడిగారు. పన్నెండో పేజీలో ఆస్పత్రికి వచ్చే దారిలో తగిలే స్పీడ్‌బ్రేకర్ల సంఖ్య. చిట్టచివరి పదహారో పేజీలో మాత్రం ఒకే ఒక్క ప్రశ్న ఉంది. "మీకు నోట మాట రాని పరిస్థితి వస్తే మీ తరఫున ఎవరు మాట్లాడాలి? వారికి మీరు ముందుగా ఏమి చెప్పి ఉంచదలచారు?" సుభాషిణి ఆ ప్రశ్నను రెండుసార్లు చదువుకుంది. ఎవరో బుద్ధిమంతులు రాసి ఉంటారు, మిగతావాళ్ల కంటపడక మిగిలిపోయినట్టుంది అనుకుంది.

"నాకు నోరు పడిపోవడమేంటి, శనిమాటలు!" అంది మాణిక్యాంబ. "దానికెన్ని మార్కులు?"

"మార్కులేం లేవండీ."

"అయితే వదిలెయ్."

*

మన ఊళ్లలో పరీక్ష ఉన్న చోట కోచింగ్ ఉండకపోదు. నెల తిరిగేసరికి ఆస్పత్రి ఎదురుగా మేడమీద "ఆరోగ్య విజయ పేషెంట్ కోచింగ్ సెంటర్" వెలిసింది. కానిస్టేబుల్ పరీక్షలకు తర్ఫీదిచ్చి ఇచ్చి అలసిన కామరాజు మాస్టారు రోగుల మీద పడ్డాడు. పొద్దున కొత్త బ్యాచ్, సాయంత్రం తప్పినవాళ్ల బ్యాచ్. గోడమీద పెద్దక్షరాలు: "నొప్పి మీది, ర్యాంకు మాది."

సుభాషిణికి ఇది నచ్చలేదు. కాని డాక్టరుకు ఇంకో దారి లేదు. ఆవిడ భర్త విశ్వేశ్వర్రావు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు, పిల్లలకి పరీక్షలంటే ఏమిటో తెలిసినవాడు గనక, "అమ్మని చేర్పించు, మోడల్ పేపర్లు చేయిస్తే కొట్టుకొచ్చేస్తుంది" అన్నాడు. అయిదో తరగతి మధ్యలో బడి మానిపించి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారన్న కసి మాణిక్యాంబకు అరవై ఏళ్లుగా ఉంది. మొదటి రోజే ముందు వరసలో కూర్చుంది. మూడో రోజుకి పెన్నుకి క్యాప్ పోయిందని ఇంట్లో రభస చేసింది.

"ఎంత నొప్పి అని అడిగితే ఏమంటారు?" అనేవాడు కామరాజు మాస్టారు బల్ల చరిచి.

"బాగా నొప్పండీ!" అనేవాళ్లు తెలియనివాళ్లు.

"సున్నా! మార్కు పోయింది! మాణిక్యాంబగారూ, మీరు చెప్పండి."

"పదికి ఆరండీ. పొద్దున పూట అయిదు, సాయంత్రం ఆరున్నర. కదిలితే పెరుగును, పడుకుంటే తగ్గును."

"చూశారా! డెబ్బై మూడేళ్ల పెద్దావిడ. సిగ్గుపడండి."

ఆ మాట అయ్యీ అవకముందే మాణిక్యాంబ కూర్చోబోయి తూలి, పక్కావిడ భుజం పట్టుకుంది. వెనక బెంచీలో కూర్చున్న సుభాషిణి పరుగెత్తుకొచ్చింది.

"ఏం ఫర్వాలేదు," అన్నాడు మాస్టారు. "తల తిరిగితే తిరగనివ్వండి గాని పెన్ను మాత్రం కింద పెట్టొద్దు. పరీక్షలో టైము పోతుంది."

కోచింగ్ మేడమీంచి చూస్తే ఆస్పత్రి నాలుగో గది కిటికీ కనిపిస్తుంది. లోపల డాక్టర్ షమీమ్ బేరం లేని షావుకారులా బయటికి చూస్తూ కూర్చునేది. పథకం మొదలు కాకముందు రోజుకి రెండొందల మందిని చూసిన మనిషి. ఇప్పుడు ధ్రువపత్రం ఉన్నవాళ్లు ఒక్కరూ తయారవలేదు. తనకు రోగులు కావాలని ఆవిడ అర్జీ పెట్టుకుంటే, "రోగులు తయారీలో ఉన్నారు, దయచేసి వేచియుండగలరు" అని జవాబొచ్చింది. ఒకరోజు వరండాలో దగ్గుతున్న ముసలాయన్ని కిటికీలోంచే పలకరించబోతే, దండపాణి వచ్చి "మేడమ్, ఇది అనధికార పరామర్శ" అని కిటికీ రెక్క దగ్గరగా వేసి పోయాడు. ఆ నెల నివేదికలో ఏటిగడ్డలో డాక్టరును చూసే రోగుల సంఖ్య సున్నాకి దిగిందని, ఇంతటి ఆరోగ్యం జిల్లాలో మరెక్కడా లేదని రాశారు. ఆస్పత్రికి మెచ్చుకోలు పత్రం కూడా వచ్చింది.

*

రాతపరీక్షలో మాణిక్యాంబకు నలభై ఏడు వచ్చాయి. ఊరికి రెండో ర్యాంకు. మొదటి ర్యాంకు వచ్చిన ఆయనకు ఏ జబ్బూ లేదు. ఏకాగ్రత కుదిరిందని మాస్టారే చెప్పాడు. ఆస్పత్రి ఎదుట ఫ్లెక్సీ కట్టారు. అందులో మాణిక్యాంబ ఫొటో కింద "తల తిరుగుడు విభాగంలో ప్రథమం" అని వేశారు. ఆవిడ రోజూ ఏదో వంకన ఆటోని ఆ దారిన పోనిచ్చేది.

తరవాతది అయిదేళ్ల అనారోగ్య ప్రణాళిక. రాబోయే అయిదేళ్లలో ఏ మూడు నెలల్లో ఏ జబ్బు రాబోతోందో గళ్లల్లో రాయాలి. దండపాణి వివరించాడు: "ముందుచూపు లేని జబ్బులవల్ల ఆస్పత్రి వనరులు ఛిన్నాభిన్నమగుచున్నవి. ఇకమీదట ప్రణాళికలో నమోదు కాని జబ్బుకు చికిత్స ఉండదు. నమోదు చేసుకున్న జబ్బు నిర్ణీత కాలంలో రాకపోతే సంజాయిషీ ఇవ్వవలెను."

బల్ల దగ్గర ముందు నిలబడ్డ పెద్దమనిషి వేలికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. కత్తిపీటకు తెగిందట. దండపాణి ఆయన ప్రణాళిక తీసి చూశాడు.

"మీకు ఈ త్రైమాసికంలో దగ్గు ఉన్నది. వేలు లేదు."

"దగ్గు రాలేదయ్యా. వేలు తెగింది."

"మరి దగ్గు ఎందుకు రాలేదు?"

ఆయన కాసేపు ఆలోచించి, తప్పు చేసినవాడిలా చిన్నగా దగ్గాడు. దండపాణి నమోదు చేసుకుని, వేలిని వచ్చే ఆషాఢానికి సర్దుబాటు చేశాడు. ఆయన బయటికొచ్చాక సుభాషిణి చేతిసంచీలోంచి పసుపు పొట్లం తీసి వేలికి కట్టు కట్టింది. ఆవిడ చేతిసంచీలో అన్నీ ఉంటాయి.

ఇంట్లో మాణిక్యాంబ ప్రణాళిక రాయడం చూసి తీరాలి. విశ్వేశ్వర్రావు గ్రాఫు కాగితం గీసిచ్చాడు. మొదటి ఏడు తల తిరుగుడు, వేసవిలో విరామం, రెండో ఏడు కీళ్లు.

"మూడో ఏడు దసరాకి ఏం వెయ్యమంటావే?"

"దసరాకి ఏమీ వద్దండీ, బంధువులొస్తారు."

"నిజమే. ఎడం కంటికి శుక్లం దీపావళి అయ్యాక వేద్దాం. మీ పిన్నత్తగారికి రెండు కళ్లకీ ఒకేసారి వచ్చింది, దాని తొందర దానిది."

ఆ నవ్వుల్లోనే మాణిక్యాంబ లేచి నిలబడింది. గోడ పట్టుకుందామనుకున్న చెయ్యి గోడకి అందలేదు. ఢామ్మని చప్పుడు. వంటింటి గడప తగిలి నుదురు బొప్పి కట్టింది. సుభాషిణి ఒడిలో తల పెట్టుకుని రెండు నిమిషాలు కళ్లు తెరవలేదు. తెరిచాక మొదట బొడ్లో చెయ్యి పెట్టి సంచి తడుముకుంది.

"ఇవాళైనా చూపించండి అత్తయ్యా," అంది సుభాషిణి.

"డాక్టరుకే," అంది మాణిక్యాంబ. ఈసారి గొంతులో మునుపటి బిగువు లేదు.

మర్నాడు సుభాషిణి ఒంటరిగా దండపాణి ముందు నిలబడింది. "నిన్న పడిపోయారండీ. ఈసారి తుంటి విరిగితే? ఒక్క నిమిషం డాక్టరుగారిని చూడనివ్వండి."

"బాధాకరం. అయితే ప్రణాళికలో 'తిరుగుట' మాత్రమే ఉన్నది. 'పడుట' వేరే పద్దు."

సుభాషిణికి గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే అదే కబురు ఊరంతా పాకి అత్తగారి ఫ్లెక్సీకి మచ్చ వస్తుందని ఊరుకుంది. "మరి మిగిలిందేమిటండీ?" అనడిగింది.

"నమూనా సందర్శన. గురువారం పెద్ద పరిశీలకులు వేంచేస్తున్నారు. వారి సమక్షంలో ఆదర్శ రోగిగా మీ అత్తగారినే ఎంపిక చేయడమైనది. ఫైలు అందరికంటే లావుగా ఉన్నది."

నమూనా సందర్శనలో ఇంతవరకు డాక్టరు వేషం దండపాణిదే. మెళ్లో కొత్త స్టెతస్కోపు వేసుకుని వరండాలో అందరికీ కనిపించేలా తిరిగేవాడు. దాని ప్లాస్టిక్ కవరు తియ్యలేదు, తీస్తే స్టోర్సుకి తిరిగివ్వడం కష్టమని. గురువారం మాత్రం పరిశీలకుల ముందు అచ్చం నిజంలా ఉండాలి గనక, అసలు డాక్టరునే నమూనా డాక్టరుగా నియమిస్తూ ఆదేశాలు వెలువడ్డాయి. ఈ మాట విన్నాక సుభాషిణి రెండు నెలల్లో మొదటిసారి ఆస్పత్రి మెట్లు నవ్వుతూ దిగింది.

*

గురువారం సమావేశమందిరంలో బల్ల వేసి, దానికి తెల్లగుడ్డ పరిచారు. బల్ల వెనక డాక్టర్ షమీమ్. ఆవిడ మెళ్లో అట్టముక్క మీద "నమూనా డాక్టర్" అని రాసి ఉంది. ఎదురుగా కుర్చీల్లో పెద్ద పరిశీలకుడూ, ఆయన వెనక నలుగురూ. గోడవార కామరాజు మాస్టారు పెదవులు కదుపుతూ నిలబడ్డాడు. మాణిక్యాంబ పట్టుచీర కట్టుకొచ్చింది. నుదుటి బొప్పి మీద పెద్ద బొట్టు.

"ఏమ్మా, ఏంటి ఇబ్బంది?" అంది డాక్టర్ షమీమ్.

మాణిక్యాంబ అందుకుంది. "తల తిరుగుడండీ. తీవ్రత పదికి ఆరు. మొదలై డెబ్బై అయిదు రోజులు. లేచినప్పుడు పెరుగును, పడుకుంటే తగ్గును."

కుర్చీల్లో చప్పట్లు. పరిశీలకుడు పక్కవాడితో "ఉచ్చారణ చూడండి" అన్నాడు.

డాక్టర్ షమీమ్ చప్పట్లు కొట్టలేదు. నుదుటి బొట్టు కింద బొప్పిని చూస్తోంది. "పడ్డారా? ఏం మందులు వాడుతున్నారు?"

ఈ రెండు ప్రశ్నలూ మోడల్ పేపర్లో లేవు. దండపాణి దగ్గాడు. "మేడమ్, తదుపరి ప్రశ్న ఆహారపు అలవాట్లు."

"మందులు చూపించండి పెద్దమ్మా."

మాణిక్యాంబ చెయ్యి బొడ్లోకి వెళ్లింది, ఆగింది. డాక్టరు మెళ్లో అట్టముక్క చదివింది. "మీరు నమూనా కదండీ?"

"కాదమ్మా. నేను అసలుదాన్నే. నిజంగా చదువుకున్నదాన్నే."

"నమూనా డాక్టర్లు అలాగే అంటారని మా మాస్టారు ముందే చెప్పారు. నమ్మితే రెండు మార్కులు పోతాయట." ఆవిడ సంచిని ఇంకా లోపలికి దోపుకుంది.

కామరాజు మాస్టారు గర్వంగా తల ఊపాడు.

రెండు నెలలు తిరిగి తిరిగి డాక్టరు ముందుకొస్తే, డాక్టరు డాక్టరు కాకుండా పోయింది. సుభాషిణి వెనక కుర్చీలోంచి లేచి అత్తగారి పక్కన నిలబడింది. దండపాణి "సహాయకులు మౌనం వహించవలెను" అంటున్నాడు.

"అత్తయ్యా, ఆవిడ మెళ్లో అట్ట చూడొద్దు. స్టెతస్కోపు చూడండి. చెవుల్లో పెట్టుకునే దగ్గర రంగు పోయి, గొట్టం మడత పడి ఉంది. మన రోకలి పిడి అరిగినట్టు అరిగింది. దండపాణిగారిది కవరు కూడా విప్పలేదు, గుర్తుందా? ఇన్నేళ్లు వాడితే గాని ఏ వస్తువూ అలా అవదండీ."

మాణిక్యాంబ తల వంచి స్టెతస్కోపును పరీక్షగా చూసింది. డాక్టరుగారి చెవుల వంక కూడా చూసింది. డెబ్బై మూడేళ్లలో ఎన్ని పాత్రలు తోమిన చెయ్యో అది. వాడిన వస్తువుకీ వాడని వస్తువుకీ తేడా ఆ చేతికి తెలుసు.

"జబ్బు నాదా, నీదా?" అని అలవాటు కొద్దీ అంది. కాని బొడ్లోంచి సంచి తీసి డాక్టరుకి ఇవ్వలేదు. కోడలి చేతికిచ్చింది. "నువ్వే చూపించు. నా కళ్లు తిరుగుతున్నాయి."

సుభాషిణి నాడా విప్పి బల్లమీద పోసింది. మాత్రల ముక్కలు, కత్తిరించిన అట్టలు, ఒక వక్కపొడి పొట్లం. డాక్టర్ షమీమ్ రెండు అట్టలు తీసి, వెనకవైపు చిన్నక్షరాలు వెలుతురుకి పెట్టి చదివింది. పట్టుమని పది సెకన్లు పట్టలేదు.

"ఈ రెండూ ఒకటే మందు. కంపెనీలు వేరు, పేర్లు వేరు. ఇద్దరు డాక్టర్లు రాశారా?"

"మాఘమాసం నుంచి రెండూ వేసుకుంటున్నారండీ," అని సుభాషిణి నోటుపుస్తకం తెరిచి ముందు పెట్టింది. ఆవిడ వాక్యానికి ఈసారి ఎవరూ అడ్డు రాలేదు.

డాక్టరు బీపీ పట్టీ చుట్టింది. కూర్చున్నప్పుడు వంద. లేపి చూస్తే ఎనభై. మాణిక్యాంబ తూలకుండా సుభాషిణి ఆవిడ నడుం పట్టుకుంది. డాక్టర్ షమీమ్ ఒక అట్టను పక్కకు తోసింది. "ఇది ఇవాళ్టి నుంచి ఆపెయ్యండి. ఇదొక్కటే, పొద్దున పూట. లేచేటప్పుడు మంచం మీద ఒక నిమిషం కూర్చుని లేవండి. వారం తర్వాత మళ్లీ బీపీ చూడాలి."

"మేడమ్!" దండపాణి మొహం పాలిపోయింది. "ఇది నమూనా సందర్శన! తమరు నిజంగా చికిత్స చేయుచున్నారు!"

పెద్ద పరిశీలకుడు కళ్లజోడు తీశాడు. మాణిక్యాంబ సంచి బొడ్లో దోపుకుని పారిపోవడానికి సిద్ధంగా ఉంది.

"అద్భుతం," అన్నాడు ఆయన. "ఎంతో సహజంగా ఉంది. ఆ డాక్టరు పాత్ర వేసినావిడ ఎవరు? నిజంగా డాక్టరేమో అనిపించేలా చేసింది. ముప్ఫైకి ముప్ఫై వెయ్యండి."

*

తల తిరగడం నాలుగో రోజుకి సగానికి తగ్గింది, వారానికి పోయింది. మార్కులు డెబ్బై దాటినా, ఫైలు మూయనిదే ధ్రువపత్రం రాదన్నారు. బీపీ మళ్లీ చూడాలన్నారు గదా అని సుభాషిణి అత్తగారిని నాలుగో గది కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. మాణిక్యాంబ బయట నిలబడి ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టింది. డాక్టర్ షమీమ్ లోపలినుంచి పట్టీ చుట్టింది. అది చూసి కోచింగ్ సెంటర్లోంచి ఒకరూ ఇద్దరూ దిగొచ్చి కిటికీ ముందు నిలబడ్డారు. వారం తిరిగేసరికి అక్కడ చిన్న వరస తయారైంది. వేలు తెగినాయన అందరికంటే ముందు. ఏ రికార్డులోనూ ఆ వరస లేదు గనక దాన్ని ఆపే నిబంధన కూడా ఎవరికీ దొరకలేదు.

ఇంకో రెండు వారాలకు దండపాణి ఫైలు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. సుభాషిణి కాఫీ ఇచ్చింది.

"ప్రణాళిక ప్రకారం ఈ త్రైమాసికం చివరివరకు తమరికి తల తిరగవలసియున్నది," అన్నాడు మాణిక్యాంబతో. "తిరుగుట లేదని విశ్వసనీయంగా తెలియవచ్చినది. నమోదైన జబ్బును అనుమతి లేకుండా తగ్గించుకొనుట ప్రణాళికా విచలనం. సంజాయిషీ ఇవ్వవలెను."

"ఇవ్వక ఏంచేస్తాను నాయనా. తగ్గింది, క్షమించు. ఇంకోసారి ఇలా జరగదు."

దండపాణి అది అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. రాస్తూ మెడ పక్కకి తిప్పబోయి "అమ్మా" అన్నాడు.

"ఏమైందండీ?" అంది సుభాషిణి.

"మెడ పట్టేసిందమ్మా. మూడు వారాలైంది." ఆ మాట మాత్రం ఆఫీసు భాషలో రాలేదు. "నాక్కూడా ధ్రువపత్రం కావాలి గదా. రెండుసార్లు రాశాను. మొదటిసారి ఇరవై తొమ్మిది, రెండోసారి ముప్ఫై ఒకటి."

"ఏడో కాలమ్‌లో పోగొట్టుకుని ఉంటావు," అంది మాణిక్యాంబ. "అందరికీ అక్కడే పోతాయి. మాస్టారు దగ్గర చేరు."

"చేరొద్దండీ," అంది సుభాషిణి. "నాలుగో గది కిటికీ దగ్గరికి వెళ్లండి. పొద్దున్నే అయితే వరస పెద్దగా ఉండదు. వాడుతున్న మందులుంటే అట్టలతో సహా పట్టుకెళ్లండి."

దండపాణి అది ఫైల్లో రాయలేదు. అరచేతిలో రాసుకున్నాడు. వెళ్లబోతూ ఫైలు చివరి కాగితం తెరిచాడు. "ఒక్క మనవి. పదహారో పేజీ ఖాళీగా ఉన్నది. మార్కులు లేవు గాని, ఖాళీగా ఉంటే ఫైలు మూయడానికి వీల్లేదు."

మాణిక్యాంబ కళ్లజోడు పెట్టుకుని ప్రశ్న చదివింది. మీకు నోట మాట రాని పరిస్థితి వస్తే. ఈసారి శనిమాటలనలేదు. క్యాప్ లేని పెన్ను తీసుకుని, రెండో ర్యాంకు తెచ్చిన గుండ్రటి అక్షరాలతో తీరిగ్గా రాసింది. రాసి ఎవరికీ చూపించకుండా మడతపెట్టి దండపాణికి ఇచ్చింది. ఆయన నిబంధనల ప్రకారం పైకి చదివి వినిపించాడు.

"నా తరఫున మాట్లాడవలసినది మా కోడలు సుభాషిణి. ముందుగా ఏమీ చెప్పి ఉంచనక్కరలేదు, ఆ పిల్ల అన్నీ రాసుకుంటుంది. అయితే నా నోరు పూర్తిగా పడిపోయాకనే. సగం పడితే ఆ మిగిలిన సగంతో నేనే మాట్లాడుకోగలను."